అన్నం తిననప్పుడు మందు దేనికి

నల్లపాడు,
8 మార్చి 2025, శనివారం.

ఒరేయ్ మరియదాసూ,

నీ అక్క జయకుమారి విసుగుతో రాసేది. ఇక్కడ నా మోకాలు తప్ప మిగతా అంతా బాగానే ఉంది.

ఉత్తరం రాసి ఇరవై ఏళ్లయింది. ఈ వయసులో నా చేత పెన్ను పట్టించిన ఘనత నీదే. పోయిన మంగళవారం నువ్వు ఫోన్ చేసి ఏం చెప్పావు? "అక్కయ్యా, రేపటి నుంచి శ్రమల దినాలు. నలభై రోజులూ పొద్దున్నించి సాయంత్రం ఆరుదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టను. ఈసారి సంఘమంతా ఫోన్ కూడా ఉపవాసం పెట్టాం" అన్నావు. "నీకు షుగర్ రా" అని నేను నోరు తెరిచేలోపు "ప్రార్థన చేసుకుందాం" అని మొదలుపెట్టావు. ఆమెన్ అనడం, ఫోన్ పెట్టెయ్యడం ఒకేసారి. అప్పట్నించీ ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్. నీ పెళ్లాం మహిమకి వేరే ఫోనన్నా కొనివ్వలేదు నువ్వు. అందుకని ఈ ఉత్తరం. ఇందులో అయితే నువ్వు మధ్యలో దూరి ప్రార్థన మొదలుపెట్టలేవు.

నువ్వు రిటైరైన హెడ్మాస్టరువి. సంఘ పెద్దవి. అరవై రెండేళ్లవాడివి. పదకొండేళ్లుగా షుగర్ మాత్రలు మింగుతున్నవాడివి. మొదటి రెండూ నీకు నిద్రలో కూడా గుర్తుంటాయి. చివరి రెండూ ఎవరన్నా చెప్పాలి. కనిగిరిలో చెప్పేవాళ్లు లేరు కాబట్టి ముప్ఫై మూడేళ్లు గవర్నమెంటాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసిన నేను చెబుతున్నాను.

మోకాలు మార్చి ఇంకా నెల కాలేదు. వాకర్ పట్టుకుని వీధి గుమ్మం దాకా వెళ్లిరావడమే నాకు ప్రయాణం. లేకపోతే ఈపాటికి కనిగిరి బస్సెక్కి నీ ఎదురుగా కూర్చునేదాన్ని. ఈ గుమ్మం దగ్గర కూర్చున్నా సుఖం లేదు. యార్డుకి మిరపకాయల లారీలు రోజంతా పోతూనే ఉన్నాయి, వీధంతా తుమ్ములు. నిన్న పోస్ట్‌మాన్ నా పేరు పిలవబోయి నాలుగుసార్లు తుమ్మి, కవరు గుమ్మంలో పడేసి పోయాడు.

నాకు కావలసింది మూడు ముక్కలు. ఉపవాసం రోజు మాత్రలు ఎన్నింటికి వేసుకుంటున్నావు? సాయంత్రం ఏం తిని విడుస్తున్నావు? మధ్యాహ్నం పూట ఎవరన్నా షుగర్ చూస్తున్నారా? వీటికి జవాబు రాయి. వాక్యాలు రాయకు, అవి నాకూ వచ్చు.

నీ అక్క,
జయకుమారి


కనిగిరి,
13 మార్చి 2025, గురువారం.

ప్రియమైన అక్కయ్యకు,

కనిగిరి సంఘం తరఫునా, నా తరఫునా వందనాలు. నీ ఉత్తరం చేరింది. నీ కోపంలో ప్రేమ ఉందని నాకు తెలుసు కనుక నొచ్చుకోలేదు. నీ మోకాలి కోసం బుధవారం కూడికలో అందరం ప్రార్థించాం.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. మాత్రలు మానలేదు. ఉపవాసం అన్నం మీద గాని మందు మీద కాదు గదా. రోజూ వేసుకున్నట్టే ఎనిమిదింటికి గ్లిమిపిరైడు, దాంతో ఇచ్చిన రెండోదీ, గ్లాసెడు నీళ్లతో వేసుకుంటున్నాను. ఎవరూ నన్ను మందు నిర్లక్ష్యం చేశాననడానికి లేదు. సాయంత్రం ఆరింటికి చర్చి దగ్గరే అందరం కలిసి విడుస్తాం. బెల్లం పరమాన్నం, అరటిపళ్లు, మెడికల్ షాపు సుభానీ పంపే ఖర్జూరాలు. అతనూ రోజాలో ఉన్నాడు. ఈ ఏడాది వాళ్ల రంజానూ మన శ్రమల దినాలూ ఒకేసారి రావడం వింతగా లేదూ? ఇంటికి వచ్చాక మామూలుగా అన్నం.

ఇక మూడోది. అక్కయ్యా, ఇది నువ్వు కూర్చుని చదవాలి. నిన్న మధ్యాహ్నం సుభానీ బలవంతాన నా వేలు గుచ్చి చూశాడు. ఎంతో తెలుసా? అరవై రెండు! పదకొండేళ్లలో నేనెప్పుడైనా నూట యాభై కిందకి దిగానా? అతను కంగారుపడి ఖర్జూరం నోట్లో పెట్టబోయాడు, నేను నవ్వి వద్దన్నాను. స్వస్థత జరుగుతున్నప్పుడు కంగారెందుకు?

ఇంకా ఉంది. ఆ తర్వాత కూడికలో వాక్యం చెబుతుండగా నా చేతులు వణకసాగాయి. చొక్కా తడిసిపోయేట్టు చెమట పట్టింది. నా నోట వచ్చే మాటలు నాకే తెలియలేదు. సంఘమంతా లేచి నిలబడి స్తోత్రం అంటూ కేకలు. మార్క్ పాస్టరు గారు పాతికేళ్లవాడు, కన్నీళ్లు పెట్టుకుని నా పాదాలు పట్టుకున్నాడు. అంతటి అభిషేకం మా సంఘంలో ఎవరూ చూడలేదన్నారు. ఆరింటికి పరమాన్నం తిన్నాక గాని మామూలు మనిషిని కాలేదు.

ఇక్కడ మన రెండెకరాల్లో మిరప రెండో కోత నడుస్తోంది. కూలీల దగ్గర మహిమ ఉంటోంది. ఎండలు ముదిరాయి. కిందటి ఆగస్టులో మహిమకు కూడా షుగర్ అని చెప్పి రెండు పూటలా ఇన్సులిన్ సూది పెట్టారు, నీకు రాశానో లేదో. ఆమె కూడా నాతోపాటే ఉపవాసం ఉంటోంది. ఆడవాళ్లకు ఓర్పెక్కువ. కాయ ఈసారి రంగు బాగుంది, తాలు తక్కువ.

నీ తమ్ముడు,
మరియదాసు


నల్లపాడు,
17 మార్చి 2025, సోమవారం.

ఒరేయ్ అభిషిక్తుడా,

నీ ఉత్తరం చదివి నాకు బీపీ పెరిగింది. నీకు షుగర్ తగ్గింది, నాకు బీపీ పెరిగింది, రెండింటికీ కారణం నీ తెలివే.

నీకు దిగింది ఆత్మ కాదురా, షుగర్. అలాంటి అభిషేకాలు నేను ఫీమేల్ వార్డులో వారానికి రెండు చూసేదాన్ని. ఆ మాత్ర సంగతి నీకెవరూ చెప్పలేదా? అది కడుపులోకి పోయి పాంక్రియాస్‌ని పిండి ఇన్సులిన్ తీస్తుంది. నువ్వు ఉపవాసం ఉన్నావని దానికి తెలీదు, నువ్వు సంఘ పెద్దవని అసలే తెలీదు. అన్నం తింటే ఆ అన్నం తాలూకు చక్కెర మీద పనిచేస్తుంది. తినకపోతే రక్తంలో ఉన్న కాస్తంత చక్కెరనీ ఊడ్చేస్తుంది. అప్పుడు చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది. మెదడుకి చక్కెర అందని మనిషి మాట్లాడే మాటలకి మీరందరూ లేచి నిలబడి స్తోత్రం చెప్పారు. ఇంకో గంట ఆగితే ఫిట్స్ వచ్చి పడిపోయేవాడివి. అప్పుడేమనేవాళ్లో!

డెబ్బై కిందకి పోయిందంటే ఉపవాసం అక్కడితో సరి. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలి. పావుగంటకి మళ్లీ వేలు గుచ్చి చూడాలి. జేబులో పంచదార పొట్లం పెట్టుకో. సుభానీ పెట్టబోయిన ఖర్జూరాన్ని వద్దన్నావు చూడు, ఆ గదిలో బుద్ధున్నవాడు అతనొక్కడే. అతనికీ షుగరేనని నువ్వే ఓసారి చెప్పావు. రోజా పట్టేముందు డాక్టరు దగ్గరికి వెళ్లి మాత్రల టైములు మార్పించుకునే ఉంటాడు, కావాలంటే అడుగు. వాళ్లల్లో ఒంట్లో బాగోకపోతే రోజా విడవొచ్చు. నువ్వు మాత్రం విడిస్తే పరలోకంలో హాజరుపట్టీలో ఆబ్సెంట్ వేస్తారనుకుంటున్నావు.

మీ సంఘంవాళ్లనే అంటున్నాననుకోకు. మా పక్కింటి హనుమాయమ్మకీ షుగరే. శనివారం శనివారం ఉపవాసం. అన్నం మెతుకు ముట్టదు. ముట్టనిది అన్నమొక్కటే. నాలుగు అరటిపళ్లు, సగ్గుబియ్యం పాయసం, ఉప్పుడుపిండి, పాలు. ఆదివారం పొద్దున నా దగ్గరికొచ్చి "చూడండి జయమ్మగారూ, నిన్నంతా ఏమీ తినలేదు, మూడు వందల పది ఎందుకుందంటారు" అని మొహం వేలాడేస్తుంది. నీకేమో బుధవారం అరవై రెండు, ఆవిడకేమో ఆదివారం మూడు వందల పది. దేవుడు వేరైనా తెలివి ఒక్కటే.

నీకు అర్థమయ్యేట్టు ఒక్క ముక్క రాస్తాను. అన్నం తిననప్పుడు మందు దేనికిరా? ఈ నలభై రోజులూ దాని జోలికి పోకు. పోతే చస్తావు. సాయంత్రం ఆ బెల్లం పరమాన్నం మానేసి మనిషిలా తిను.

నీ అక్క,
జయకుమారి


కనిగిరి,
24 మార్చి 2025, సోమవారం.

ప్రియమైన అక్కయ్యకు,

వందనాలు. నీ మాట విన్నాను. ఉత్తరం అందిన రోజు నుంచీ గ్లిమిపిరైడు ముట్టలేదు. వణుకు లేదు, చెమట లేదు. తేలిగ్గా ఉంది. చిన్నప్పుడు నా పలక మీద అక్షరాలు దిద్దబెట్టినదానివి నువ్వే, ఇప్పుడూ నువ్వే దిద్దావు.

ఇంత మంచి మాట నా ఒక్కడి దగ్గరే ఉంచుకోవడం న్యాయం కాదనిపించింది. మా సంఘంలో షుగర్ ఉన్నవాళ్లు తొమ్మిది మంది తేలారు. అందుకని నిన్న ఆదివారం ఆరాధనలో నీ ఉత్తరం చదివాను. మా దగ్గర పై ఊరి నుంచి పెద్దలెవరు రాసినా సంఘం ముందు చదవడం ఆనవాయితీ. నన్ను తిట్టిన చోట్లు, హనుమాయమ్మగారి సంగతి, సుభానీ సంగతి వదిలేశాను. అవన్నీ తీసేస్తే ఉత్తరం చిన్నదే అయింది. ముఖ్యమైన మాట మాత్రం రెండుసార్లు చదివాను. "అన్నం తిననప్పుడు మందు దేనికి? ఈ నలభై రోజులూ దాని జోలికి పోకు. పోతే చస్తావు." ముప్ఫై మూడేళ్లు నర్సుగా చేసిన మా అక్కయ్య రాసిందని చెప్పాను. మార్క్ పాస్టరు గారు "బైబిల్లో పత్రికలున్నట్టే ఇది అక్కగారి పత్రిక" అని ఆమెన్ చెప్పించారు.

మహిమ ఆ సాయంత్రమే సూదుల డబ్బా తీసి అటక మీద పెట్టేసింది. "మీ అక్కగారే చెప్పాక ఇంకేముంది" అంది. నీ మాట మీద ఆమెకంత గురి. ఇవాళ పొద్దున్నించీ కాస్త దాహం అంటోంది, చెంబులకి చెంబులు నీళ్లు తాగుతోంది. ఎండల్లో కళ్లంలో నిలబడితే దాహం కాక ఏముంటుంది? ఉపవాసంలో నీళ్లు తాగొచ్చు గనుక ఇబ్బంది లేదు.

మూడో కోత ఎల్లుండి మొదలు. నీ మోకాలు ఎలా ఉంది?

నీ తమ్ముడు,
మరియదాసు


నల్లపాడు,
27 మార్చి 2025, గురువారం. పగలు పన్నెండు.

మరియదాసూ,

నీ ఉత్తరం పదకొండింటికి వచ్చింది. నీ ఫోను స్విచాఫ్. పాస్టరుది స్విచాఫ్. మీ సంఘంలో నాకు తెలిసిన నంబర్లు నాలుగూ స్విచాఫ్. ఒంగోలులో నాతో పనిచేసిన జహీరున్నీసా సిస్టరుకి చేస్తే, ఆవిడ ఎవరినో అడిగి కనిగిరి సుభానీ నంబరు పట్టిచ్చింది. అతను షాపు మూసి మీ ఇంటికి బయల్దేరాడు. ఈ ఉత్తరం నీకు చేరేటప్పటికి జరగవలసింది జరిగే ఉంటుంది. అయినా రాస్తున్నాను, రాయకుండా కూర్చుంటే నాకు పిచ్చెక్కేట్టు ఉంది.

నేను వద్దన్నది నీ మాత్ర. నీ ఒక్కడి మాత్ర. ఆ ఒక్కటి. మహిమది మాత్ర కాదురా, ఇన్సులిన్. రెండింటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది. ఒంట్లో ఇన్సులిన్ లేకపోతే మనిషి తిన్నా తినకపోయినా ఒకటే, చక్కెర పెరుగుతూనే పోతుంది. తినకపోతే పెరగడమేమిటంటావు. మనం తినకపోయినా కాలేయం తన దగ్గర దాచిన చక్కెరని రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. దాన్ని ఒంటికి అందించే ఇన్సులిన్ లేకపోతే అది రక్తంలోనే పేరుకుంటుంది. దాహం అందుకు. నీళ్లు అందుకు. తర్వాత కడుపునొప్పి, వాంతులు, ఎగశ్వాస. ఆ సూది పూర్తిగా మానెయ్యకూడదు. ఉపవాసం రోజు ఎంత వెయ్యాలో డాక్టరు చెప్పాలి, నువ్వు కాదు. నేనూ కాదు.

ఇప్పటిదాకా నిన్ను తిట్టాను, ఇక నన్ను తిట్టుకోవాలి. నీ పదమూడో తారీకు ఉత్తరం మళ్లీ తీసి చూశాను. అందులో మహిమకి ఇన్సులిన్ అని శుభ్రంగా రాశావు. రంగు కాయకీ ఎండలకీ మధ్యన ఒక్క వాక్యం. నీ అభిషేకం చదివి ఒళ్లు మండి, నిన్నెలా కడిగేయాలా అన్న సంబరంలో ఆ వాక్యం దాటిపోయాను. మాత్ర పేరు రాయకుండా "మందు" అన్నాను. డాక్టర్ని అడగమని ఒక్కచోటా రాయలేదు. ఇంజక్షన్లు చేసీ చేసీ నేనే డాక్టరునైపోయాను. మహిమకి ఏమన్నా అయితే ఆ పాపంలో సగం నాది. మిగతా సగం మాత్రం నీదే, దాన్ని ఎవరి మీదా తొయ్యకు.

ఈ ఉత్తరం కూడా సంఘంలో చదువు. ఒక్క అక్షరం వదలకుండా చదువు.

జయకుమారి


ఒంగోలు,
31 మార్చి 2025, సోమవారం.

అక్కయ్యా,

మహిమ బతికింది. ముందు ఆ మాట రాయమని సుభానీ అన్నాడు. ఇవాళ పండగ, నమాజుకి వెళ్లాలి, అయినా బస్టాండుకి పోతూ ఇటొచ్చి టిఫిను క్యారియరు ఇచ్చి వెళ్లాడు.

గురువారం సుభానీ వచ్చేటప్పటికి ఇంటికి తాళం. పొలానికి పోయాడు. కళ్లంలో ఎండబోసిన కాయల పక్కన, గోతాల మీద మహిమ బోర్లా పడుకుని ఉంది. కూలీలు ప్రార్థన చేసుకుంటోందనుకున్నారట. పెద్దమ్మగారు ఉపవాసంలో ఉంది కదా అని దగ్గరికి పోలేదట. సుభానీ తిప్పి చూస్తే నోటి నుంచి మాగిన పండు వాసన, ఊపిరి ఎగబీలుస్తోంది. మిషను అంకె చూపించలేదు, హై అని మాత్రం చూపించిందట. ఆసుపత్రిలో చూస్తే ఐదు వందల ముప్ఫై.

అప్పుడు నేను చర్చిలో ఉన్నాను. నీకు దాచను. సుభానీ తలుపు దగ్గర నిలబడి "మాస్టారూ" అని అరిచాడు. నేను ప్రార్థన మధ్యలో ఉన్నాను. కళ్లు తెరవకుండా చెయ్యెత్తి ఆగమన్నాను. అతను ఆగలేదు. లోపలికొచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. అందరూ చూశారు.

నాకు ఒక్కటే అర్థం కావడం లేదు. బుధవారం రాత్రి ఆమెకు వాంతులయ్యాయి, పరమాన్నం కూడా తినలేదు. గురువారం అసలేమీ లేదు. ఏమీ తినని మనిషికి ఐదు వందల ముప్ఫై ఎక్కడి నుంచి వచ్చింది? నీ ఉత్తరం నిన్న మా తోడల్లుడు తెచ్చిచ్చాడు. కాలేయం సంగతి చదివాను. డాక్టరు కూడా అదే చెప్పాడు. అర్థమైనట్టే ఉంటుంది, మళ్లీ ఆమె మొహం చూస్తే అర్థం కాదు. నాకేమో తినకపోతే పడిపోయింది, ఆమెకేమో తినకపోతే పెరిగింది. ఒకే ఇంట్లో, ఒకే ఉపవాసం.

నా తప్పుందంటావు. ఉంది. కాని నేను చదివింది నీ మాటలే గదా అక్కయ్యా. తిట్లు మాత్రమే తీసేశాను.

ఆమె ఐ.సీ.యూ. నుంచి బయటికొచ్చేదాకా సాయంత్రం భోజనం కూడా మానేస్తానని మొక్కుకున్నాను. నాలుగు రోజులయింది. సుభానీ ఇచ్చిన క్యారియరు అలాగే ఉంది. ఫోను ఇంకా తియ్యలేదు, ఈస్టరు దాకా అని మాటిచ్చాను.

మరియదాసు


ఒంగోలు,
2 ఏప్రిల్ 2025, బుధవారం.

మరియదాసూ,

ఇది రాస్తున్న చెయ్యి జహీరున్నీసాది, నోరు నాది. నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. ఆవిడకి ఫోన్‌లో చెబుతున్నాను, నువ్వు ఐ.సీ.యూ. బయట బెంచీ మీద కూర్చుని ఉండగానే నీ చేతిలో పెడుతుంది. పక్కనే నీ మొక్కు తీరడానికి ఇడ్లీ పొట్లం ఉంటుంది. ఆవిడ ఎదుటే తిను. లోపల ఒక మంచం చాలు, రెండో మంచానికి నీ పేరు రాయించకు.

నా మాటలే చదివానన్నావు. తిట్లు తీసేశాక మిగిలినవి నా మాటలు కావురా. ఆ తిట్లలోనే ఉంది అది నీకొక్కడికి రాసిందని.

తిన్నాక ఆవిడ వేలు గుచ్చి చూస్తుంది. సైగలు చేసి తప్పించుకోకు.

జయకుమారి


కనిగిరి,
19 ఏప్రిల్ 2025, శనివారం.

వదినగారికి,

మహిమ నమస్కారాలు. నేను ఏడో తరగతి దాకానే చదివాను, తప్పులుంటే సర్దుకోండి. ఇంటికొచ్చి పదకొండు రోజులైంది. నడుస్తున్నాను. వంట మీ తమ్ముడే చేస్తున్నాడు. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తాడు, తింటున్నాను.

మీ ఉత్తరాలూ, హెడ్మాస్టరు అలవాటున ఆయన తనవాటికి రాసి పెట్టుకున్న నకళ్లూ బీరువాలో దొరికితే వరసగా పెట్టుకుని చదివాను. మీవి బాగా రాశారు. నవ్వొచ్చింది కూడా. హనుమాయమ్మగారి దగ్గర కడుపుబ్బ నవ్వాను. కాని వదినగారూ, ప్రాణం మీదికి వచ్చేదాకా మీరు ఆయన కోసమే రాశారు, ఆయన ఆయన కోసమే రాశాడు. కళ్లంలో నేను పడిపోయాక గాని నేనూ ఆ ఇంట్లో ఉన్నట్టు మీ ఇద్దరికీ తోచలేదు. మీరు కనీసం మళ్లీ తీసి చూశారు. ఆయన ఆ పని కూడా చెయ్యలేదు.

మీరు ఇద్దరూ అడగనిది ఒకటి చెబుతాను. శ్రమల దినాలు మొదలయ్యాక పద్దెనిమిది రోజులు నాకేమీ కాలేదు. ఆయన అరవై రెండుకి దిగి వణికిపోతుంటే నేను కూలీల దగ్గర ఎండలో దిట్టంగా నిలబడ్డాను. ఎందుకని ఎవరికన్నా అనుమానం వచ్చిందా? నాకు ఉపవాసం లేదు. సూది వేసేటప్పుడే డాక్టరమ్మ చెప్పింది, సూది మానొద్దు, సూది వేసి తిండి మానొద్దు అని. అందుకని పొద్దున సూది వేసుకుని, ఆయన చర్చికి పోగానే వంటింటి తలుపు చాటున నిలబడి రెండు ఇడ్లీలు మింగేదాన్ని. మధ్యాహ్నం కళ్లంలో గోతాల వెనక ఇంత పెరుగన్నం. సంఘ పెద్ద భార్య ఉపవాసంలో తిన్నదంటే ఊళ్లో తలెత్తుకోలేం. దొంగలా తినేదాన్ని. తిన్న ప్రతిసారీ ఏడుపొచ్చేది. కాని బతికే ఉన్నాను.

అప్పుడు మీ ఉత్తరం చదివాడు. మీ ముప్ఫై మూడేళ్ల నర్సు ఉద్యోగాన్ని ముందు పెట్టి, రెండుసార్లు. తిననప్పుడు మందు అక్కర్లేదట. ఆ మాట విని నాకెంత హాయి అనిపించిందో మీకు తెలీదు. సూది లేకపోతే తినాల్సిన పని లేదు, తినకపోతే దొంగతనం లేదు. ఇన్ని రోజుల పాపం నా మీంచి తీసేశారనుకున్నాను. సంతోషంగా డబ్బా అటకెక్కించాను. ఆ సంతోషమే నన్ను కళ్లంలో పడేసింది.

మీ మీద కోపం లేదు. చాలా ఉండింది, ఆసుపత్రిలో తగ్గింది. ఆయన మీద ఇంకా ఉంది. నేను లోపల గొట్టాలు పెట్టుకుని పడుకుంటే బయట నా కోసం అన్నం మానేశాడు. నా కోసమట! ఆయన పడిపోతే నన్నెవరు చూస్తారని ఒక్క నిమిషం ఆలోచించాడా? జహీరున్నీసాగారు ఎదురుగా కూర్చుని తినిపించిందట. ఆవిడకి నా సలాములు చెప్పండి.

మొన్న మట్టల ఆదివారం చర్చికి వెళ్లాను. మీ మార్చి ఇరవై ఏడు ఉత్తరం ఆయన చేత చదివించాను. వదలకుండా చదువు అన్నారు కదా, చదివాడు. మందులు మానేసినవాళ్లు ఇంకో ముగ్గురు తేలారు, ముగ్గురూ అదే రోజు డాక్టరు దగ్గరికి పోయారు. మార్క్ పాస్టరు ఈసారి ఆమెన్ చెప్పించలేదు. మీ తమ్ముడికి కూడా డాక్టరు ఈ ఏడాది ఉపవాసం వద్దని, మాత్ర అన్నంతోనే వేసుకోమని చెప్పాడు. ఉపవాసం మానాడు. ప్రార్థన మానలేదు. దాంతో నాకేమీ పేచీ లేదు.

నిన్న గుడ్ ఫ్రైడే. పొద్దున ఏడున్నరకి సూది వేసుకున్నాను. ఎనిమిదింటికి కంచంలో మూడు ఇడ్లీలు పెట్టుకుని వంటింట్లో తినబోయి, మళ్లీ కంచం పట్టుకుని వీధి వరండాలోకి వచ్చి కుర్చీ వేసుకున్నాను. సంఘమంతా తెల్ల బట్టల్లో మా గుమ్మం ముందునుంచే చర్చికి పోవాలి. పోతూ అందరూ చూశారు. కొందరు తల తిప్పుకున్నారు. ఒకావిడ ఆగి, "ఇవాళ కూడానా అమ్మగారూ" అంది. "ఇవాళ కూడానే. రోజూ తింటా" అన్నాను. మీ తమ్ముడు లోపలినుంచి చట్నీ గిన్నె తెచ్చి నా పక్కన పెట్టాడు. సిగ్గుతో తల వంచుకునే తెచ్చాడు, కాని అందరూ చూస్తుండగా తెచ్చాడు.

చర్చి అయ్యాక ఆ ముగ్గురూ వచ్చి నా దగ్గర కూర్చున్నారు. సూది వేశాక ఎంతసేపటికి తినాలి, షుగర్ పడిపోతే ఎట్లా తెలుస్తుంది అని అడిగారు. తెలిసింది చెప్పాను, తెలియనివి అడుగుతానన్నాను. ఆ ప్రశ్నలన్నీ వేరే కాగితం మీద రాసి ఇందులో పెడుతున్నాను. జవాబులు తిట్టకుండా రాయండి, ఎవరి మందు పేరు వాళ్లకి విడివిడిగా రాయండి.

కవరు మీద నా పేరు రాయండి.

మహిమ